పిల్లల్ని పోస్తూ, తల్లుల్ని కోస్తూ

వానాకాలం నడిమికి వచ్చేసరికి తెలంగాణ చెరువు కట్టల మీద ఏటా ఒక తంతు జరుగుతుంది. టెంటు, మైకు, ఫ్లెక్సీ, ఆక్సిజన్ పట్టిన పాలిథిన్ సంచులతో ఒక డీసీఎం వ్యాను. పెద్దలంతా ప్యాంట్లు పైకి మడిచి వరసగా నిలబడి, సంచి మూతి విప్పి నీళ్లలోకి వంచుతారు. ఫొటో అయిపోతుంది. ఫలానా చెరువులో ఇన్ని లక్షల చేపపిల్లలు వదిలారని మర్నాడు జిల్లా పేజీలో వార్త. గట్టు మీది తుమ్మచెట్టు పైన కొంగలు మాత్రం అందరికంటే ముందే వచ్చి కూర్చుంటాయి. ఈ కార్యక్రమానికి టైముకు వచ్చేవి అవి మాత్రమే.

నేను దగ్గరుండి చూసిన ఒక తంతులో సంచులు ఎండలో గంటన్నర ఉన్నాయి. విప్పే ముందు వాటిని పావుగంటైనా నీళ్ల మీద తేలనివ్వాలి. సంచిలోని నీటి వేడి, చెరువు నీటి వేడి ఒకటయ్యాకే పిల్లల్ని వదలాలి. ఈ సంగతి అక్కడున్న జాలర్ల సొసైటీ పెద్దాయనకు తెలుసు. చెప్పబోయాడు కూడా. "కానీయ్ కానీయ్, ఇంకా మూడు చెర్వులున్నయ్" అని వెనక నుంచి ఎవరో తొందరపెట్టారు. సంచులు బోర్లించారు. నిమిషం తిరక్కుండానే కొన్ని పిల్లలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి. చెట్టు మీద నుంచి మొదటి కొంగ దిగింది.

అయితే నా తగవు ఆ పావుగంటతో కాదు. పద్ధతి ప్రకారం వదిలినా, ఒక్క పిల్ల చావకపోయినా నా మాట మారదు. నేను కాదంటున్నది ఆ తంతు వెనకున్న నమ్మకాన్ని. నీళ్లలో చేప తగ్గిందా, పిల్లల్ని పోయండి. ఇంకా తగ్గిందా, ఇంకా పోయండి. పట్టుకునేదానికి హద్దులెందుకు, పిల్లలు వస్తూనే ఉంటాయి కదా! ప్రభుత్వాలు మారినా ఈ నమ్మకం మారలేదు. పోసిన పిల్లలు తక్కువని, సైజు చిన్నదని, టెండరు ఆలస్యమైందని ప్రతిపక్షం అరుస్తుంది. పిల్లల్ని పోయడమే చేపల నిర్వహణ అన్న దగ్గర మాత్రం అందరిదీ ఒకే మాట. అందరూ ఒప్పుకున్న మాటను ఎవరో ఒకరు కాదనాలి.

ముందుగా ఒప్పుకోవలసింది ఒప్పుకుంటాను. ఏప్రిల్ వచ్చేసరికి నెర్రెలు విచ్చే కుంటలో పిల్లల్ని పోయడం తప్పు కాదు, అదొక సేద్యం. బొచ్చ, రవ్వ, మోసు నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు. వాటికి వానకు పొంగి పారే నది కావాలి. బంగారు తీగ ఒక్కటే చెరువు అంచున గడ్డికి గుడ్లంటించి పని కానిస్తుంది. కాబట్టి ఎండిపోయే కుంటలో తల్లిని కాపాడి ఏ లాభమూ లేదు. నీళ్లు ఇంకేలోపు పట్టి అమ్ముకోవాలి. అక్కడ పట్టుబడికి పరిమితి పెట్టమనేవాడు వరి కోతకు పరిమితి పెట్టమనేవాడితో సమానం.

కానీ కుంటకు పనికొచ్చిన లెక్కనే తీసుకెళ్లి కృష్ణకు, గోదావరికి, శ్రీశైలం, నాగార్జునసాగర్, శ్రీరాంసాగర్, సింగూరు జలాశయాలకు అతికించారు. చిక్కంతా అక్కడ. ఇవి మామూలుగా పూర్తిగా ఎండవు. వీటిలోకి నది వస్తుంది. చేప వరదలో ఎదురెక్కి గుడ్లు పెట్టి తిరిగి వస్తుంది. మనం వదలని జెల్లలు, వాలుగలు, పరిగెలు, బొమ్మిడాయిలు, మార్పులు, ఇంగిలాయిలు వీటిలో తరతరాలుగా తమ బతుకు తాము బతుకుతున్నాయి. కుంట మడి అయితే జలాశయం అడవి. అడవి పలచబడినప్పుడు గొడ్డలిని ఆపకుండా మొక్కలు పంచుతూ కూర్చుంటే ఏమవుతుందో మనకు అనుభవమే.

ఇక్కడ వెంటనే వచ్చే జవాబు నాకు తెలుసు. "చేపపిల్లల పథకం మొదలైన 2016-17లో రాష్ట్రంలో చేపల ఉత్పత్తి దాదాపు 2 లక్షల టన్నులు. ఆరేడేళ్లకు 4 లక్షలు దాటింది. ఇంకేం కావాలి?" అంకె పెద్దదే, కొట్టిపారేయను. అయితే అవే ఏళ్లలో మిషన్ కాకతీయ కింద వేల చెరువుల పూడిక తీశారు, కాలువలు వచ్చాయి, వానలూ బాగా కురిశాయి. ఎన్నడూ నిండని కుంటలు మత్తడి దుంకాయి. నీళ్లు పెరిగితే చేప పెరుగుతుంది. ఇందులో పిల్లల వాటా ఎంత, నీళ్ల వాటా ఎంత అని ఎవరైనా విడదీసి చూపించారా? పైగా సముద్రపు ఒడ్డున దిగిన చేపను రేవు రేవుకూ వెళ్లి నమూనాలు తీసి లెక్కగట్టే పద్ధతిని కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ దశాబ్దాలుగా నడుపుతోంది. లోపలి నీళ్లకు అంత గట్టి లెక్క లేదు. వలలోంచి సరాసరి దళారీ ఐసు పెట్టెలోకి పోయే చేపను ఏ త్రాసూ చూడదు. అన్నిటికీ మించి, చల్లి కోసిన పంట ఎంతో చెప్పే అంకె అది. నదిలో తల్లి చేపలు ఎన్ని మిగిలాయో ఆ అంకె చెప్పదు.

ఈ నమ్మకం పుట్టిన తేదీ కూడా మనకు తెలుసు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త చేప మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి రసాన్ని కార్పు చేపలకు సూదిమందుగా ఇచ్చి, చెరువులోనే గుడ్లు పెట్టించాడు. అంతవరకు చేపపిల్ల కావాలంటే చాలావరకు నదికి పోయి ఏరి తెచ్చుకోవలసిందే. గొప్ప పని, సందేహం లేదు. కొల్లేటి చుట్టూ లేచిన చెరువుల సామ్రాజ్యానికి పునాది ఆ సూదే. ఇప్పటికీ తెలంగాణకు వచ్చే పిల్లల్లో చాలా భాగం కైకలూరు వైపు నుంచి లారీల్లో దిగేవే. ఆ జూలై 10నే దేశమంతా చేపల రైతుల దినోత్సవం జరుపుకుంటోంది. హైదరాబాద్‌లో ఎక్స్‌ప్రెస్‌వే పక్కన చేప ఆకారంలో లేచిన జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు భవనం కూడా ఒక రకంగా ఆ సూదికి కట్టిన గుడే. చౌధురి మనకు హేచరీ ఇచ్చాడు. నది ఇక అక్కర్లేదన్న ధీమాను మాత్రం ఆయన ఇవ్వలేదు, మనమే తెచ్చుకున్నాం.

జూలై 10 అంటే మన దగ్గర ఏ కాలమో గుర్తుచేసుకోండి. తొలకరి దాటి, మొదటి పెద్ద వానకు చెరువులు అలుగు పోసే రోజులు. చేపలు ఎదురెక్కే రోజులు.

ఆ దృశ్యం చూడనివాళ్ల కోసం చెబుతాను. మత్తడి మీద నుంచి నీళ్లు తెల్లగా దుంకుతుంటాయి. కింద రాళ్ల మధ్య మడుగు. ఆ మడుగులోంచి చేప ఒక్కసారిగా ఎగిరి, జారి, మళ్లీ ఎగురుతుంది. పొట్ట నిండా గుడ్లు. ఆ బరువుతోనే పైకి పోవాలని దాని తంటా. చుట్టూ ఊరు ఊరంతా ఉంటుంది. దోమతెరలు, విసురువలలు, చీరలు, గంపలు, ఉత్త చేతులు. పిల్లలు కేరింతలు కొడుతుంటారు, సెల్‌ఫోన్లలో వీడియోలు. ఒకతను నా కళ్ల ముందే మూరెడు చేపను పట్టి రాయి మీద కొట్టాడు. పసుపుపచ్చటి గుడ్ల తిత్తి బయటికి వచ్చి రాతి మీద పరుచుకుంది. "గుడ్ల శాప!" అని పక్కవాడు సంబరపడ్డాడు. ఆ తిత్తిలో ఉన్నది మా చెరువుకు రావలసిన ఒక సంచెడు పిల్లలు అని అక్కడ ఎవరికీ తోచలేదు. అప్పుడు నాకూ తోచలేదు. చిన్నప్పటి నుంచి మా ఇంట్లో చేప కొనేటప్పుడు పొట్ట నొక్కి, జన ఉంటే పది రూపాయలు ఎక్కువిచ్చి తెచ్చేవాళ్లు. ఆ వేపుడు రుచి ఇంకా నాలుక మీద ఉంది. నేను ఎక్కడో గట్టు మీద నిలబడి ఇది రాయడం లేదు.

లెక్క చూడండి. రవ్వ ఆడచేప ఒంటి బరువు కిలోకు దాదాపు 2 లక్షల గుడ్లు పెడుతుంది. 5 కిలోల తల్లి ఒక్క కాన్పుకు 10 లక్షలు. గుడ్డు వేరు, వేలెడు పిల్ల వేరు. నదిలో గుడ్లను తినేవే ఎక్కువ, అది నిజం. వెయ్యికి ఒకటి చొప్పునే బతికిందనుకుందాం. అయినా ఒక్క తల్లి ఏటా వెయ్యి పిల్లల్ని ఇస్తుంది. టెండరు లేదు, లారీ లేదు, ఆక్సిజన్ లేదు. ఆ పిల్లలు పుట్టినప్పటి నుంచి ఆ నీటికి, ఆ శత్రువులకు అలవాటుపడినవి. మనం ఏటా 80 కోట్ల పిల్లల లక్ష్యం పెట్టుకుని, వాటిని మోసుకొచ్చి వాలుగ నోటి ముందు పోస్తున్నాం. జలాశయంలో వదిలే పిల్ల కనీసం 100 మిల్లీమీటర్లు ఉండాలని బారక్‌పూర్‌లోని కేంద్ర లోతట్టు మత్స్య పరిశోధన సంస్థ ఏనాటి నుంచో చెబుతోంది. అంతకంటే చిన్నది వదిలితే అది పిల్ల కాదు, మేత.

ఇక ఆ తల్లి ఎన్నేళ్లు బతకాలి? రవ్వ రెండో ఏట, బొచ్చ రెండో మూడో ఏట గుడ్లకు వస్తుంది. వల కన్ను ఎంత చిన్నదైతే అంత తొందరగా, ఆ ఈడు రాకముందే చేప పైకి వచ్చేస్తుంది. కృష్ణ వెనక నీళ్లలో కొల్లాపూర్, సోమశిల వైపు పోతే ఇది కళ్లకు కడుతుంది. అక్కడ అలివి వల అనే మాట ఎత్తితే చాలు, స్థానిక జాలరి ముఖం మాడిపోతుంది. దోమతెరంత సన్నని కన్ను, వందల మీటర్ల పొడవు, ఇరువైపులా లాగడానికి పదుల కొద్దీ మనుషులు. అది నీటిని జల్లెడ పట్టినట్టు పడుతుంది. వేలెడు పిల్ల కూడా తప్పించుకోదు. వచ్చిందంతా ఒడ్డున ఎండబెట్టి మూటలు కట్టి వేరే రాష్ట్రాల మార్కెట్లకు పంపిస్తారు. ఆగస్టులో ప్రభుత్వ ఖర్చుతో వదిలిన పిల్ల డిసెంబరుకు ఎండు చేపై లారీ ఎక్కుతోంది. వల లాగేవాళ్లను తిట్టి లాభం లేదు, వాళ్లు కూలీలు. పెట్టుబడి పెట్టేవాడు ఒడ్డుకు కూడా రాడు. నన్ను ఆశ్చర్యపరిచేది ఇంకొకటి. ఒకవైపు పిల్లల్ని పోస్తూ, మరోవైపు ఆ పిల్లల్నే జల్లెడ పడుతుంటే, కన్ను పెద్దది చేయిద్దామని కాకుండా పిల్లల సంఖ్య పెంచుదామని మనకు తోచడం! కుండకు చిల్లి ఉందని తెలిసీ, చిల్లి పూడ్చకుండా బావి నుంచి ఇంకో నాలుగు బిందెలు మోయమంటున్నాం.

కొర్రమీను సంగతి మరీ దారుణం. తెలంగాణ రాష్ట్ర చేప అది. మిగతా వాటిలా లక్షల్లో గుడ్లు పెట్టదు. అందుకు బదులు కాపలా కాస్తుంది. గుడ్లు పగిలాక ఎర్రటి పిల్లలు బంతిలా గుంపు కట్టి నీటి పైపైన తిరుగుతుంటే, కింద తల్లీతండ్రీ వాటిని అంటిపెట్టుకుని ఉంటాయి. దేన్ని చూసినా పిల్లల జోలికి వస్తోందని ఎగబడతాయి. వేటగాడికి కావలసింది ఇదే. ఎర్ర గుంపు కనబడిన చోట కప్పను గుచ్చిన గాలం ఆడిస్తాడు. ఆకలితో కాదు, కోపంతో వచ్చి కొరుకుతుంది కొర్రమీను. అరగంటలో దిక్కులేని పిల్లల గుంపు మిగతా చేపలకు విందవుతుంది. కిలో నాలుగైదు వందలు పలికే చేప కాబట్టి ఎవరినీ తప్పుపట్టలేం అంటారు. పిల్లల గుంపు మీద గాలం వేయకూడదన్న ఒక్క కట్టుబాటుకు ఖర్చెంత? రాష్ట్ర చేప అని బిరుదిచ్చి, దాన్ని పిల్లల దగ్గర ఉండగా పట్టుకోవద్దని కూడా చెప్పలేకపోయాం.

పిల్లల్ని పోస్తే మేలు జరగకపోయినా కీడేముంది అనే మాట ఇంకా వినిపిస్తుంది. అమెరికాలోని మోంటానా రాష్ట్రం వాళ్లు కూడా చాలాకాలం ఇదే అనుకున్నారు. హేచరీలో పెంచిన ట్రౌట్ చేపల్ని నదుల్లో వదలడం, గాలం వేటగాళ్లు వచ్చి పట్టుకోవడం, హోటళ్లకు వ్యాపారం. అక్కడి మత్స్యశాఖలో పనిచేసే డిక్ విన్సెంట్ మాడిసన్ నదిలో చేపల్ని ఏళ్ల తరబడి లెక్కపెట్టాడు. పిల్లల్ని వదలడం ఆపిన చోట నదిలో పుట్టిన ట్రౌట్ రెట్టింపు దాటింది. అంతకుముందు ఎన్నడూ వదలని ఓడెల్ అనే వాగులో కొత్తగా వదిలి చూస్తే, అక్కడి సొంత చేపలు దాదాపు సగానికి పడిపోయాయి. తొట్టెల్లో గుంపుగా పెరిగిన చేప, నదిలో ఎవరి చోటు వాళ్లదని బతికే చేపను నిలవనీయలేదు. వేటగాళ్లు, వ్యాపారులు, సొంత శాఖవాళ్లు కూడా విన్సెంట్ మీద విరుచుకుపడ్డారు. అయినా 1974లో మోంటానా సొంతంగా ట్రౌట్ పుట్టే నదుల్లో చేపలు వదలడం మానేసింది. ఈనాడు ట్రౌట్ వేటకు ప్రపంచం నలుమూలల నుంచి అక్కడికే పోతున్నారు.

అంత దూరం అక్కర్లేదు, కావేరి ఉంది. మూపురం ఉన్న మహసీర్ ప్రపంచంలో ఆ నదీ కుటుంబంలో తప్ప ఎక్కడా లేదు. 1946లో కబిని నదిలో గాలానికి 54 కిలోల చేప పడింది. మహసీర్ తగ్గిపోతోందని 1970ల నుంచి లోనావలా హేచరీలో పెంచిన మహసీర్ పిల్లల్ని కావేరిలో వదిలారు. మంచి ఉద్దేశమే. అయితే అవి నీలి రెక్కల మహసీర్, వేరే జాతి. అవి నది నిండా అల్లుకుపోయాయి, మూపురపు చేప మాయమవుతూ వచ్చింది. పట్టుకుని తిరిగి వదిలే గాలం వేటగాళ్లు రాసిపెట్టుకున్న పుస్తకాల్లోనే ఈ తారుమారు ఏడాది ఏడాదికీ కనబడింది. 2018లో దాన్ని అంతరించే ప్రమాదపు అంచున ఉన్న జాతిగా ప్రకటించారు. చేప కోసమే చేప వదిలి, చేపను పోగొట్టుకున్నాం.

పిల్లల్ని వదలడం ఎప్పుడూ పనికిరాదని నేను అనను. మిన్నెసోటాలో రెడ్ లేక్ అనే పెద్ద సరస్సు ఉంది. అందులో వాలై అనే చేపను ఒజిబ్వే తెగవాళ్లు, బయటివాళ్లు కలిసి 1990ల నాటికి తుడిచిపెట్టేశారు. తెగ తానుగా వేట ఆపింది. 1999లో రాష్ట్రంతో కలిసి సరస్సు మొత్తం మూసేశారు. 1999, 2001, 2003ల్లో మూడు విడతలుగా పిల్లల్ని వదిలారు. వదిలినన్నాళ్లూ ఒక్క వల పడనివ్వలేదు. 2006లో పరిమితులు పెట్టి తిరిగి తెరిచారు. ఆ తర్వాత పిల్లలు వదలవలసిన పనే లేకపోయింది, సరస్సే కంటోంది. ఈ ఉదాహరణలో పిల్లలు వదలడం అన్న సగాన్ని మనవాళ్లు పట్టుకుంటారు. ఏడేళ్లు వల ఆపడం అన్న సగం చెవికెక్కదు.

మన నోటికి దగ్గరి ఉదాహరణ పులస. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్నారు కాబట్టి దాన్ని తినే హక్కు మనకు సంప్రదాయంగా వచ్చిందనుకుంటాం. పులస అంటే ఏమిటి? సముద్రంలో తిరిగే ఇలస, గుడ్లు పెట్టడానికి గోదావరి ఎర్రనీళ్లకు ఎదురెక్కినప్పుడు దానికి వచ్చే పేరు. ధవళేశ్వరం దగ్గర 1852లోనే కాటన్ ఆనకట్ట దారి మూసింది. మిగిలిన కాస్త దూరంలో యానాం నుంచి ధవళేశ్వరం దాకా వలల వరస దాటుకుని పోవాలి. ప్రసవానికి పుట్టింటికి వెళ్తున్న ఆడపిల్లను దారికాచి పట్టుకోవడం కాక ఇదేమిటి? బంగ్లాదేశ్‌లో ఇదే చేప పద్మా, మేఘనా నదుల్లోకి ఎదురెక్కుతుంది. ఆ దేశం ఆశ్వయుజ పున్నమి చుట్టూ 22 రోజులు ఇలస వేట పూర్తిగా ఆపేస్తుంది. 25 సెంటీమీటర్ల లోపు పిల్ల ఇలసను నవంబరు నుంచి జూన్ దాకా ముట్టకూడదు. ఆ నెలల్లో నాలుగు నెలలు జాలరి కుటుంబానికి నెలకు 40 కిలోల చొప్పున బియ్యం ఇస్తారు. అందరికీ అందదు, రాత్రిపూట దొంగ వలలు పడతాయి, రేవుల్లో అరెస్టులు జరుగుతాయి. అయినా 2002-03లో 2 లక్షల టన్నులున్న ఇలస 2017-18కి 5 లక్షలు దాటింది. హేచరీలో ఇలస పెంపకం ఇంతవరకు ఎవరికీ సరిగా పట్టుబడలేదు కాబట్టి ఈ పెరుగుదలను పిల్లల పథకం ఖాతాలో వేయడానికి లేదు. తల్లిని వదిలారు, అంతే. తమాషా ఏమిటంటే, వాళ్లు నోరు కట్టుకుని మిగుల్చుకున్న ఆ ఇలసనే ఐసు పెట్టెల్లో తెప్పించి, గోదావరి పులస అని మన బజార్లలో అమ్ముతున్నారు.

ఇక పెద్ద అస్త్రం: "వల కన్ను పెంచమంటే, రెండు నెలలు ఆపమంటే, పేదవాడి పొట్ట కొట్టినట్టే." ఈ మాట అనేవాళ్లలో మంత్రి ఉంటాడు, దళారీ ఉంటాడు, ఒక్కోసారి అభ్యుదయవాదీ ఉంటాడు. జాలరి కూడా అంటాడు. జాలరి అన్నప్పుడు మాత్రమే నేను ఆగి వింటాను. రోజు పట్టుబడితో రోజు గడిపేవాడికి వచ్చే ఏడాది చేప గురించి ఉపన్యాసం ఇవ్వడం సిగ్గుమాలిన పని. కానీ ఈ ప్రశ్నకు మనం జవాబు ఎప్పుడో కనుక్కున్నాం, సముద్రం దగ్గర. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట ఆగుతుంది. ఆ నష్టానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నుంచి కుటుంబానికి 10,000 రూపాయలు ఇచ్చింది, 2025లో దాన్ని 20,000 చేసింది. సముద్రపు చేపకు కాన్పు సెలవు ఉంది, ఆ సెలవుకు భత్యం ఉంది. నది చేపకు ఎందుకు లేదు? నదిలో పట్టేవాడి ఓట్లు ఊరికి పది చొప్పున చెదిరి ఉంటాయి, తీరంలో ఓట్లు కుప్పగా ఉంటాయి. ఇంతకంటే శాస్త్రీయమైన కారణం నాకు కనబడలేదు. ఎక్కడైనా జూలై, ఆగస్టుల్లో జలాశయంలో వేట ఆపమని నోటీసు అంటించినా, దాని వెనక చాలాచోట్ల రూపాయి ఉండదు. రూపాయి లేని నోటీసును పేదవాడు చదవడు, దళారీకి చదవవలసిన అవసరం లేదు.

అసలు చిన్న కన్ను వల మేలు చేసేది పేదవాడికా? చిన్న చేప కిలోకు వచ్చే ధర, అదే చేప ఏడాది ఆగితే వచ్చే ధర, రెండూ జాలరికి నోటికి వచ్చు. ఆగలేనిది ఆయన కాదు, ఆయనకు వల, తెప్ప, అడ్వాన్సు ఇచ్చి చేపను ముందే కొనేసుకున్నవాడు. పరిమితి వస్తే మొదట దెబ్బ తగిలేది ఆ అడ్వాన్సుకు. అందుకే పేదవాడి పొట్ట గురించి అందరికంటే గట్టిగా ఏడ్చేది అతనే.

చట్టం లేదనడానికీ వీల్లేదు. 1873లోనే ఫ్రాన్సిస్ డే అనే అధికారి ఇండియా, బర్మా మంచినీటి చేపల మీద పెద్ద నివేదిక రాశాడు. చిన్న కన్ను వలల గురించి, పిల్ల చేపల వినాశం గురించి అందులో మొత్తుకున్నాడు. పాతికేళ్ల చర్చ తర్వాత 1897లో భారత మత్స్య చట్టం వచ్చింది. నీళ్లలో మందుగుండు పేల్చడం, విషం కలపడం నేరమంది. వల కన్ను ఎంత ఉండాలో రాష్ట్రాలు నిర్ణయించవచ్చంది. ఎంచుకున్న నీళ్లలో రెండేళ్ల దాకా వేట పూర్తిగా ఆపించవచ్చు అని కూడా అంది. మందుగుండుకు ఆ చట్టం రాసిన జరిమానా 200 రూపాయలు. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తమే. నూట పాతికేళ్లుగా అధికారం చేతిలో ఉంది. దాన్ని వాడటం కంటే సంచి మూతి విప్పడం తేలిక, ఫొటో కూడా బాగా వస్తుంది. వేట ఆగిన నదికి ఫొటో ఏం తీస్తారు? ఖాళీ నీళ్లు.

ఆనకట్టలు, ఫ్యాక్టరీ నీళ్లు, తిలాపియా, అక్వేరియాల నుంచి తప్పించుకుని కృష్ణలో చేరిన దెయ్యం చేప, ఇవన్నీ వదిలి వల మీద పడతావేమని అడగవచ్చు. నిజమే, వల ఒక్కటే దోషి కాదు. కానీ ఆనకట్ట రేపు కూలదు. దారులు మూసుకుపోయి గుడ్లు పెట్టే చోట్లు నాలుగే మిగిలినప్పుడు, ఆ నాలుగు చోట్లకు చేరగలిగిన తల్లి విలువ పెరుగుతుందా, తగ్గుతుందా?

పరిమితి అనగానే మనిషికి రోజుకు ఇన్ని చేపలని చీటీ రాసివ్వమనడం లేదు. అది సరదాకు గాలం వేసే దేశాల పద్ధతి, బతుకుతెరువు వలకు అతకదు. మన దగ్గర పనికొచ్చేవి వేరు. అలివి వల కనబడితే అక్కడికక్కడే కాల్చేయాలి, లాగే కూలీని కాక పెట్టుబడిదారును పట్టుకోవాలి. మార్కెట్‌లో త్రాసు పక్కన ఒక కొలబద్ద పెట్టి, గుడ్లకు రాని చేపను కొన్నవాడికి జరిమానా వేయాలి. పట్టినవాడికి కాదు, కొన్నవాడికి. మరీ పెద్ద తల్లుల్ని కూడా వదలాలి. పెద్దవాటినే ఏరి పట్టుకుంటూ పోతే చేప జాతే పొట్టిదవుతుందని 2002లో కానోవర్, మంచ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తొట్టెల్లో సిల్వర్‌సైడ్ అనే చిన్న చేపను పెంచి నాలుగు తరాల్లోనే చూపించారు. కాబట్టి కింద ఒక హద్దు, పైన ఒక హద్దు. ఇక నదిలో లోతైన మడుగులు కొన్నింటిని ఎప్పటికీ ముట్టకుండా వదిలేయాలి. ఇది విదేశీ విద్య అనుకునేవాళ్లు శృంగేరి వెళ్లి తుంగ ఒడ్డున మెట్ల మీద కూర్చోండి. దేవుడి చేపలని ఎవరూ ముట్టకపోవడంతో మూరెడు, బారెడు చేపలు పేలాల కోసం మెట్ల దాకా వస్తాయి. దండం పెట్టి వచ్చే మనవాళ్లకు అదొక చేపల నిర్వహణ అని మాత్రం తట్టదు.

పిల్లల కోసం పెడుతున్న డబ్బులో సగం కుంటలకే ఉంచండి, అక్కడ అది సేద్యం. మిగతా సగం నదుల, జలాశయాల జాలరులకు జూలై, ఆగస్టు భత్యంగా ఇచ్చి, ఆ రెండు నెలలు కాపలా కాసే పని కూడా వాళ్లకే అప్పగించండి. దొంగ వల ఎక్కడ పడుతుందో వాళ్లకంటే బాగా ఏ ఇన్‌స్పెక్టరుకూ తెలియదు.

ఆ తంతు రోజు అందరూ వెళ్లిపోయాక సొసైటీ పెద్దాయన కట్ట మీదే కూర్చుని, తేలిన పిల్లల్ని దోసిట్లోకి తీసి చూస్తున్నాడు. మత్తడి కాడ ఎదురెక్కే చేపను ఎవరూ ముట్టకుండా చేయాలంటే ఏం కావాలని అడిగాను.

"ఏం గావాలె సారూ, పదిహేను దినాలు ఇద్దరు మనుషుల్ని ఆడ కూసోబెట్టాలె. మొదటి వరద పోయిందాక. గంతే." టెంటు విప్పుతున్నవాళ్ల వైపు చూశాడు. "ఈ టెంటు, మైకు, ఫ్లెక్సీ పైసలతోని అయిపోతది గద?"

నేను సెల్‌ఫోన్‌లో లెక్క వేశాను. రోజు కూలీ, పదిహేను రోజులు. ఇద్దరు కాదు, ముగ్గురిని పెట్టవచ్చు.